పటం కట్టిన చేతులు

తెలుగులో 'పటం' అనే మాట వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది. సంస్కృతంలో పటమంటే వస్త్రం. వస్త్రంపై గీసిన బొమ్మకు కాలక్రమాన ఆ పేరే స్థిరపడింది. కులపురాణాలు గానం చేసే కథకుల కోసం తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గీసి ఇచ్చే పొడవైన గుడ్డచుట్టను నేటికీ పటమనే వ్యవహరిస్తారు. గోడకు వేలాడే దేవుడి బొమ్మ పటమైంది. దేశాల ఎల్లలు చూపే కాగితం కూడా పటమైంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఛాయాచిత్రం అనే కొత్త వస్తువు దేశంలో ప్రవేశించి, క్రమంగా సామాన్యుల ఇంటికి చేరినప్పుడు, దానికి అట్ట, అద్దం, చట్రం అమర్చి గోడకు ఎక్కించడాన్ని తెలుగువారు 'పటం కట్టించడం' అన్నారు. యంత్రం తీసిన బొమ్మకు బట్టకు సంబంధించిన మాట అతికింది.

ఈ వ్యవహారంలో ఒక చారిత్రక సత్యం ఇమిడి ఉంది. కెమెరానుంచి వెలువడిన బొమ్మ భారతదేశంలో చాలాకాలం పాటు ముడిసరుకుగానే భావింపబడింది. రంగులు వేసేవాడు, గీతలు దిద్దేవాడు, తెర గీసేవాడు, చట్రం కోసే వడ్రంగి, చమ్కీలు కుట్టే ఇల్లాలు, వీరందరి చేతులూ సోకిన తరువాతనే అది పటంగా పూర్తయింది. ఛాయాచిత్ర చరిత్రను కెమెరా పట్టినవారి పేర్లతో రాయడం పరిపాటి. ఆ బొమ్మను పూర్తి చేసిన చేతుల చరిత్ర ఇంకా పూర్తిగా రాయవలసే ఉంది. నిత్యజీవితంలో సామాన్యుని సృజనశక్తి ఎలా పనిచేస్తుందో తెలుసుకోదలచినవారికి ఇంతకంటె తగిన ఉదాహరణ అరుదు.

దగేర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానాన్ని పారిస్ నగరంలో 1839 ఆగస్టులో లోకానికి వెల్లడించారు. కొద్ది నెలలలోనే, 1840 జనవరి నాటికి, కలకత్తా పత్రికలలో దగేర్ కెమెరాల అమ్మకపు ప్రకటనలు కనిపించాయి. బొంబాయిలో 1854లోను, కలకత్తా, మద్రాసు నగరాలలో 1856లోను ఛాయాగ్రాహక సంఘాలు ఏర్పడ్డాయి. డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో 1850లో స్థాపించిన కళాశాలలో కుండలు చేయడం, లోహపు పని, చెక్కపై చెక్కడం వంటి చేతిపనులతోపాటు ఛాయాగ్రహణాన్ని కూడా నేర్పసాగారు. దక్షిణదేశంలో ఛాయాచిత్రం మొదటి పాఠాలు చెప్పించుకున్నది చేతిపనుల బడిలోనే. ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా 1856లో నియుక్తుడైన లినేయస్ ట్రైప్ ఈ రాజధానిలోని దేవాలయాలను, కోటలను చిత్రించాడు. ఆనాటి మద్రాసు సంగ్రహాలయంలో ఉన్న అమరావతి స్తూపశిల్పాలను 1858లో ఛాయాచిత్రాలుగా తీసినది కూడా ఆయనే. ట్రైప్ తీసినవి సర్కారు దస్తావేజులు. ఉన్నది ఉన్నట్లు చూపడం వాటి ప్రయోజనం. అయినా ఆకాశం వెలవెలబోయినచోట ఆయన కాగితపు నెగటివుపై కుంచెతో మేఘాలు దిద్దాడు. చెట్ల ఆకులు అలుక్కుపోయినచోట రంగు అద్ది సరిచేశాడు. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం మీది శాసనాలను చూపడానికి 21 ముద్రలను ఒకదానికొకటి అతికి, సుమారు 19 అడుగుల పొడవున ఒకే చిత్రంగా కూర్చాడు. యంత్రానికి అందనిదాన్ని చేయి అందించడం ఆ తొలి దశలోనే మొదలైంది.

ఇదే కాలంలో ఛాయాచిత్రానికీ చేతిపనికీ మధ్య మరొక విధమైన సంబంధం కూడా ఏర్పడింది. అది పాలకుల గణనకు సంబంధించినది. ఇండియా ఆఫీసులో పనిచేసిన ఫోర్బ్స్ వాట్సన్ 1866లో భారతీయ వస్త్రాల నమూనాలు 700 సేకరించి, వాటిని ముక్కలుగా కత్తిరించి, 18 సంపుటాలలో అంటించాడు. ఆ సంపుటాలు 20 ప్రతులుగా తయారైనాయి. అందులో 13 బ్రిటన్‌కు, 7 భారతదేశానికి కేటాయించారు. ఇక్కడివారు ఏమి కడతారో, ఎలా కడతారో తెలుసుకుని అక్కడి మిల్లులు అటువంటి బట్టనే నేసి పంపడానికి అవి ఉపకరించాలన్నది ఉద్దేశం. ఆయనే జాన్ విలియం కేతో కలసి 1868 నుంచి 1875 వరకు భారతదేశ ప్రజలను గురించి ఎనిమిది సంపుటాల ఛాయాచిత్ర గ్రంథాన్ని వెలువరించాడు. అందులోని నాలుగు వందలకు పైగా చిత్రాలలో చాలామంది మనుషులు కులానికో, తెగకో, వృత్తికో ప్రతినిధులుగా మాత్రమే కనిపిస్తారు. నేతగాడు నేసిన బట్ట ఒక సంపుటంలో నమూనాగా అతికింది. అతనివంటివాడి రూపం మరొక సంపుటంలో నమూనాగా అచ్చయింది. అతని పేరు మాత్రం ఏ సంపుటానికీ ఎక్కలేదు.

సర్కారు గ్రంథాలలో కెమెరా చేతిపనివాడిని లెక్కపెడుతూ ఉండగా, సంస్థానాలలోను, పుణ్యక్షేత్రాలలోను చేతిపనివాడే కెమెరా తీసిన బొమ్మను తన పనిలోకి తీసుకున్నాడు. రాజస్థాన సంస్థానాలలో తరతరాలుగా సూక్ష్మచిత్రాలు గీసి జీవించిన కుటుంబాలకు ఛాయాచిత్రం మొదట పోటీగానే ఎదురై ఉండాలి. రాజులే కెమెరా చేపట్టిన కాలమది. జయపూరు మహారాజు సవాయ్ రామ్‌సింగ్ స్వయంగా ఛాయాగ్రాహకుడు. అంతఃపుర స్త్రీల చిత్రాలతో సహా ఆయన తీసిన గాజుపలకలు నేటికీ అక్కడి రాజప్రాసాద సంగ్రహాలయంలో ఉన్నాయి. ఈశాన్యాన త్రిపుర మహారాజు వీరచంద్ర మాణిక్య, రాణి మనమోహిని కూడా ఈ విద్యను అభ్యసించారు. ఇటువంటి పరిస్థితిలో చిత్రకారుడు కుంచె పారవేయలేదు. ఛాయాచిత్రాన్నే తన గుడ్డగా, తన కాగితంగా మలచుకున్నాడు.

ఆ పని జరిగే తీరు తెలుసుకోదగినది. గుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై బొమ్మను కొంచెం లేతగా ముద్రించేవారు. రంగు నిలవడానికి పైన పలుచని జిగురుపూత వేసేవారు. నలుపు తెలుపు బొమ్మ లోపలినుంచి కనిపించేలా పలుచని నీటిరంగులు అద్దడం ఐరోపాలో ఎక్కువగా ఉన్న వాడుక. భారతీయ చిత్రకారులలో చాలామంది తమకు అలవాటైన దట్టమైన రంగులనే వాడారు. తుమ్మజిగురుతో నూరిన ఆ రంగులు కింది బొమ్మను పూర్తిగా కప్పివేసేవి. తివాసీ మీది లతలు, తలపాగా మడతలు, ముత్యాల హారాలు, బంగారు అంచులు సన్నని కుంచెతో ఒక్కొక్కటిగా పైకి తేలేవి. ముఖాన్ని మాత్రం చాలా చిత్రాలలో ముట్టీ ముట్టనట్లు వదిలేవారు. పోలిక కెమెరాది, పరివారం చిత్రకారుడిది. కెమెరా చూపిన లోతు, దూరం ఆ రంగుల కింద మాయమై, పాత సూక్ష్మచిత్రాలలోని సమతలపు అలంకారం మళ్ళీ ప్రత్యక్షమయ్యేది.

శ్రీనాథ్‌జీ కొలువైన నాథద్వారంలో ఈ పద్ధతి మరొక రూపం ధరించింది. స్వామికి సేవ చేయించిన యాత్రికుడు, తాను సకుటుంబంగా స్వామి ఎదుట నిలిచిన దృశ్యాన్ని జ్ఞాపికగా తీసుకుపోయేవాడు. ఆ చిత్రంలో దేవుడు, మందిరం, పువ్వులు, దుస్తులు అన్నీ చిత్రకారుడు గీసినవే. భక్తుల ముఖాలు మాత్రం ఛాయాచిత్రాలనుంచి కత్తిరించి అతికినవి. అతుకు కనబడకుండా అంచుల మీద రంగు నడిపేవారు. దేవుని రూపం సంప్రదాయానికి చెందినది గనుక దాన్ని చేయి గీసింది. భక్తుని రూపం ఆ వ్యక్తికే చెందినది గనుక దాన్ని కెమెరా ఇచ్చింది. ఎవరి హద్దులో వారిని ఉంచిన ఈ పని విభజన ఏ శాస్త్రగ్రంథంలోను లేదు. పనిచేసేవారు పనిలోనే కనుగొన్నారు.

భారతీయ ఛాయాచిత్రం పాశ్చాత్య దృష్టికి భిన్నమైన సొంత చూపు కలదని జూడిత్ మారా గట్‌మన్ 1982లో ప్రకటించిన గ్రంథంలో వాదించారు. అంత విశాలమైన నిర్ణయాన్ని తరువాతి పరిశోధకులు పూర్తిగా అంగీకరించలేదు. లండన్‌లోను, పారిస్‌లోను కూడా ఛాయాచిత్రాలకు రంగులు వేశారు. ఇక్కడి స్టూడియోలలో అక్కడి పద్ధతులు కూడా నడిచాయి. జాతికొక చూపు ఉంటుందా అన్న చర్చ ఎలా ఉన్నా, ఆ గ్రంథం వల్ల ఒక మేలు జరిగింది. అంతవరకు చెడిపోయిన ఛాయాచిత్రాలుగానో, నాసిరకం చిత్రలేఖనాలుగానో పక్కకు నెట్టిన వస్తువుల వైపు పండితుల దృష్టి మళ్ళింది. ఢిల్లీలోని ఆల్కాజీ సంగ్రహం 2008లోను, టొరంటోలోని రాయల్ ఆంటారియో సంగ్రహాలయం 2012లోను రంగులద్దిన భారతీయ ఛాయాచిత్రాలపై ప్రత్యేక గ్రంథాలు వెలువరించాయి.

ఈ చరిత్రలో హైదరాబాదుకు విశిష్ట స్థానముంది. మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం నేర్చిన లాలా దీన్‌దయాళ్, 1880ల దశకంలో సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అనే బిరుదు ప్రసాదించాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కెమెరా పట్టినవానికి చిత్రకారుని బిరుదు ఇవ్వడంలో ఆస్థానానికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు. ఆ స్టూడియో ఒక్కరి పనితనంతో నడిచినది కాదు. ముద్రలు తీసేవారు, గాజుపలకలు దిద్దేవారు, రంగులు వేసేవారు, అట్టలకు అతికేవారు పదుల సంఖ్యలో అందులో పనిచేశారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ బొమ్మ తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది.

గాజుపలక దిద్దే పని ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. వాలుగా నిలిపిన చెక్కచట్రంలో నెగటివును అమర్చి, కింద అద్దం పెట్టి, కిటికీ వెలుతురును దాని గుండా పైకి రప్పించేవారు. సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో నెగటివుపై అతి సన్నని చుక్కలు, గీతలు పెట్టేవారు. నెగటివుపై నలుపు పడినచోట ముద్రలో తెలుపు వస్తుంది గనుక, చేసే పనికి ఫలితం తలకిందులుగా ఉంటుందని మనసులో ఊహించుకుంటూ చేయి కదలాలి. మశూచి మచ్చలు, కంటికింద నీడలు, నుదుటి ముడతలు అలా మాయమయ్యేవి. చిన్న పట్టణాల స్టూడియోలలో కూడా ఈ పని తెలిసినవాడు ఒకడుంటే చాలు, ఆ స్టూడియోకు పేరు వచ్చేది. పేరు స్టూడియోకు వచ్చింది, దిద్దినవానికి రాలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఛాయాచిత్రం ఆస్థానాలు దాటి బజారుకు వచ్చింది. స్టూడియోలో కూర్చునేవారి వెనుక వేలాడే తెర స్థానిక చిత్రకారుని చేతిపని. మేడమెట్లు, స్తంభాలు, కొలను, హంసలు, తరువాతి కాలంలో తాజ్‌మహల్, మోటారుకారు, విమానం ఆ తెరలమీదికి ఎక్కాయి. తిరునాళ్ళలో అట్టతో కోసిన చందమామలో కూర్చుని బొమ్మ తీయించుకున్న దంపతులకు ఆ అట్టబొమ్మ అబద్ధమని తెలుసు. తాము దంపతులమన్నది నిజమని కూడా తెలుసు. వీధిపక్కన ముక్కాలిపీటపై నిలిచిన 'నిమిషం కెమెరా' అనేకచోట్ల ఊరి వడ్రంగి చేసిన చెక్కపెట్టె. దాని పక్కన నల్లగుడ్డ చేతితొడుగు ఉండేది. ఛాయాగ్రాహకుడు ఆ తొడుగులో చేయి పెట్టి, పెట్టెలోనే కాగితాన్ని కడిగి, వచ్చిన నెగటివును కటకం ముందు నిలిపి మళ్ళీ బొమ్మ తీసి, అసలు ముద్రను తడితడిగా చేతిలో పెట్టేవాడు. కెమెరా, చీకటిగది, అంగడి అన్నీ ఒకే పెట్టెలో ఇమిడాయి.

కేరళలోని ఆలెప్పీలో కె. కరుణాకరన్ 1940ల దశకంలో రూపొందించిన 'వాగీశ్వరి' కెమెరా కథ ఇంకా విశేషమైనది. సంగీతవాద్యాల మరమ్మతు తెలిసిన కుటుంబం అది. హార్మోనియం తిత్తి కుట్టిన నేర్పు కెమెరా మడతల తిత్తికి పనికివచ్చింది. టేకుచెక్క, ఇత్తడి భాగాలతో తయారైన ఆ కెమెరాలు తరువాతి దశాబ్దాలలో దేశంలోని ఎన్నో స్టూడియోలకు చేరాయి. వాద్యానికి గాలి పట్టిన విద్యే వెలుతురు పట్టడానికి కూడా ఉపకరించడం చేతిపని స్వభావాన్ని చక్కగా తెలియజేస్తుంది.

అయితే ఈ సృజన అన్నిటికంటె నిశ్శబ్దంగా జరిగినది ఇళ్ళలో. దీనికి ముందుదారి వేసినవి రవివర్మ అచ్చుబొమ్మలు. బొంబాయిలో 1894లో ప్రారంభమైన ఆయన ముద్రణాలయం నుంచి లక్ష్మి, సరస్వతి రూపాలు సామాన్యుల ఇళ్ళకు చేరినప్పుడు, స్త్రీలు వాటిని అలాగే ఉంచలేదు. అమ్మవారి చీర ఉన్నంతమేర పట్టుగుడ్డ కత్తిరించి అతికారు. జరీపోగులతో అంచు కుట్టారు. కిరీటానికి చమ్కీలు, హారానికి పూసలు కుట్టారు. వేలకొలది ప్రతులలో ఒకటిగా వచ్చిన అచ్చుబొమ్మ, ఆ కుట్టుపనితో ఆ ఇంటికి మాత్రమే చెందిన అమ్మవారైంది. ఇదే విద్య తరువాత కుటుంబ ఛాయాచిత్రాలకు సంక్రమించింది. చట్రం చుట్టూ గవ్వలు, గాజుపూసలు అతకడం, గంధపుచెక్క పొరల దండ వేయడం, పటం మీద లేసు తొడుగు పరచడం ఇందులో భాగాలే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక ప్రవేశించిన నరసాపురం ప్రాంతంలో ఆ అల్లిక వేలాది స్త్రీలకు జీవనాధారమైంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

స్వాతంత్ర్యానంతరం బరోడా కర్మాగారంలో తయారైన 'ఆగ్ఫా క్లిక్' వంటి చౌక కెమెరాలు మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. ఒక చుట్టకు పన్నెండు బొమ్మలు. అందువల్ల ప్రతి బొమ్మా ఆలోచించి తీసినదే. నల్ల అట్టల ఆల్బములో మూలలు అతికి, మధ్య పలుచని కాగితం పరచి, తెల్లసిరాతో ఊరు, పండుగ, తేదీ రాసిన చేతివ్రాత ఆ బొమ్మలో అంతర్భాగం. బొమ్మలో ఉన్నవారు గతించిన తరువాత వారెవరో చెప్పేది ఆ వ్రాత ఒక్కటే.

దుఃఖం ఈ విద్యకు మరింత బరువైన పని అప్పగించింది. జీవితకాలంలో దంపతులు కలిసి బొమ్మ తీయించుకోని ఇళ్ళు అసంఖ్యాకం. ఒకరు పోయిన తరువాత, ఏదో పెళ్ళిగుంపులోనుంచి వారి ముఖం కత్తిరించి, మిగిలినవారి బొమ్మ పక్కన చేర్చి, ఇద్దరికీ ఒకే తెర గీసి, జంటపటం చేసి ఇవ్వడం స్టూడియోవారికి నిత్యకృత్యం. చనిపోయిన తరువాతనే మొదటి బొమ్మ తీసిన సందర్భాలలో చిత్రకారుడు మూసిన కళ్ళు తెరిపించేవాడు. ఎన్నడూ తొడగని కోటు తొడిగించేవాడు. ఎన్నడూ పెట్టుకోని కాసులపేరు మెడలో వేసేవాడు. నుదుట ఎర్రని బొట్టు దిద్దేవాడు. వీటిని అసత్యాలనడం సులభం. ఆ కుటుంబం స్మరించదలచిన మనిషి అలా ఉన్నాడన్నదే వారికి ముఖ్యం. జరిగినదాన్ని కెమెరా చెప్పింది. జరగవలసినదాన్ని కుంచె చెప్పింది. ఆ రెండూ ఒకే పటంలో ఇమిడినప్పుడే అది పూజగదిలోనో, నడవాలోనో గోడకు ఎక్కింది.

1980ల దశకం నుంచి రంగుల ముద్రణశాలలు పట్టణాలకు వ్యాపించిన కొద్దీ కుంచెపని తగ్గిపోయింది. దేశీయంగా నలుపు తెలుపు ఫిల్ము తయారుచేయడానికి 1960లో ఉదకమండలంలో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ కూడా కాలక్రమాన మూతపడింది. కలకత్తాలోని బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలో 1991లో సంభవించిన అగ్నిప్రమాదంలో పాత సంపద చాలావరకు నశించింది. 2016లో ఆ స్టూడియోయే మూతపడింది. గాజుపలకల సంగ్రహాలకు కొంత రక్షణ దొరికింది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దీన్‌దయాళ్ గాజుపలకలను వేల సంఖ్యలో సేకరించి భద్రపరచింది. కుటుంబాలవద్ద ఉన్న బొమ్మలను, వాటి కథలను సేకరించే ప్రయత్నం 2010లో ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ పేరుతో మొదలైంది. బెంగుళూరులో 2023లో ప్రజలకు తెరుచుకున్న కళా ఛాయాచిత్ర సంగ్రహాలయం, ఛాయాచిత్రాలను, వస్త్రాలను, చేతిపనులను ఒకే గూటికి చేర్చింది.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. జరీ కుట్టిన ఛాయాచిత్రాన్ని ఏ పద్దులో రాయాలి? వస్త్రాల పద్దులో రాస్తే బొమ్మ వెనుకబడుతుంది. ఛాయాచిత్రాల పద్దులో రాస్తే కుట్టు వెనుకబడుతుంది. పరిరక్షణలోనూ ఇదే ఇబ్బంది. లోహపు చమ్కీ తడికి చిలుమెక్కి కాగితాన్ని తినివేస్తుంది. జిగురు పురుగులను ఆకర్షిస్తుంది. కాగితానికి అనుకూలించే వైద్యం దారానికి అనుకూలించకపోవచ్చు. మరమ్మతు పేరుతో పై రంగులు తుడిచి 'అసలు బొమ్మ'ను బయటపెట్టబూనడం మరింత ప్రమాదకరం. ఆ వస్తువులో అసలు, అదనం అని రెండు లేవు. ఇళ్ళలో జరుగుతున్న నష్టం ఇంకా విస్తృతమైనది. పటంలోని ముఖాన్ని కంప్యూటరులో భద్రపరచి, చెదలు పట్టిన చట్రాన్ని, కుట్టిన పూసలను, వెనుక అట్టను పారవేయడం సాధారణమైపోయింది. ముఖం దక్కుతుంది. చేయి పోతుంది.

చేయదగిన పని భారమైనదేమీ కాదు. జిల్లా సంగ్రహాలయాలు, విశ్వవిద్యాలయాలు ఇటువంటి పటాలను నమోదు చేసేటప్పుడు ముందువైపునే కాక వెనుకవైపును కూడా చిత్రించాలి. స్టూడియో ముద్ర, పటం కట్టిన అంగడి చీటీ, లోపల పరచిన పాత వార్తాపత్రిక, అట్టమీది చేతివ్రాత కాలనిర్ణయానికి ఆధారాలు. తీసినవారి పేరుతో పాటు రంగు వేసినవారి పేరు, కుట్టినవారి పేరు రాయడానికి పట్టికలో ఒక గడి ఉండాలి. రంగులు అద్దిన పాత పనివారు, నెగటివులు దిద్దినవారు కొందరు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. వారు వాడిన కుంచెలు, రంగులు, పనితీరు వారి నోట విని రాసుకోవలసిన సమయమిది. 1866 నాటి సంపుటాలు బట్టను దాచి నేతగాని పేరును వదిలేశాయి. స్వతంత్ర దేశపు సంగ్రహాలయాలు పటాన్ని దాచి, దాన్ని కట్టిన చేతిని వదిలివేయకుండా ఉండడం కనీస ధర్మం.